రేవుల తలరాత ఎగువన ఉంటుంది

(సారపాకలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



సారపాకలో ఓడరేవుల మీద ఉపన్యాసమేమిటని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. మన పిల్లల్లో చాలామంది సముద్రాన్ని చూసేది వైజాగ్ విహారయాత్రలోనే. కానీ ఎవరి పేరిట ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారు గోదావరి పాఠాన్ని త్ర్యంబకంలో మొదలుపెట్టేవారు కాదు. బోర్డు మీద కుడిచేతి వైపు కింద ముందు సముద్రం గీసేవారు. తర్వాత యానాం, ధవళేశ్వరం, పోలవరం, పాపికొండలు, కూనవరం దగ్గర శబరి. ఇవన్నీ అయ్యాకే భద్రాచలం, సారపాక. నది ఎక్కడికి పోతుందో తెలియనివాడికి ఎక్కడ పుట్టిందో తెలిసి లాభం లేదని ఆయన వాదన. ఆ పాఠం మార్కులకు పనికొచ్చిందో లేదో గానీ, నది ఒడ్డున నిలబడితే దిగువకు చూసే అలవాటు మాత్రం చాలామందికి అబ్బింది.

ఆ అలవాటుతోనే ఇవాళ ఒక్క మాట చెప్పాలనుకుంటున్నాను. రేవు బతుకూ చావూ సముద్రం చేతిలో ఉన్నాయని అనుకుంటాం. నదీముఖాల దగ్గరి రేవుల విషయంలో అది సగమే నిజం. నది ఎగువన ఏ మట్టి కోసుకొస్తుంది, ఆ మట్టిని మనుషులు ఎక్కడ ఆపుతారు, ఎటు మళ్లిస్తారు అన్నదాన్ని బట్టి రేవు జాతకం మారుతుంది. ఆ లెక్కన మనం కూడా రేవు వాళ్లమే. కోరంగి, కాకినాడల కథను ఈ ఒడ్డు మీద నిలబడి చెబుతాను. మధ్యలో జపాన్‌లోని ఒక రేవు పట్నానికి కూడా వెళ్లి వస్తాం.

ముందు మన ఒడ్డు సంగతి. 1860లో నిజాంకూ ఇంగ్లీషువాళ్లకూ కుదిరిన ఒప్పందంతో గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు, అంటే భద్రాచలం వైపువి, ఇంగ్లీషువాళ్ల కిందికి వెళ్లిపోయాయి. కుడి ఒడ్డున ఉన్న సారపాక, బూర్గంపాడు నిజాం రాజ్యంలోనే ఉండిపోయాయి. భద్రాచలం తాలూకా 1874లో గోదావరి జిల్లాలో కలిసి, 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. అంతకాలం పాటు ఒకే ఏటికి రెండు ఒడ్లు రెండు పరిపాలనలు. పెళ్లి సంబంధాలకు అడ్డు రాని సరిహద్దు సరుకుకు అడ్డొచ్చేది. ఒడ్డెక్కితే నిజాం కరోడ్‌గిరి వాళ్లు సుంకం అడుగుతారు. అందుకే ఆ ఒప్పందంలోనే ఇంగ్లీషువాళ్లు ఇంకో షరతు పెట్టించారు. గోదావరి మీద, దాన్లో కలిసే నదుల మీద పోయే సరుకుకు సుంకం ఉండకూడదు.

వాళ్లకు అంత పట్టుదల ఎందుకంటే పత్తి కోసం. వార్ధా, బేరారు నల్లరేగళ్లలో పండే పత్తిని ప్రాణహిత మీదుగా గోదావరిలోకి దించి, మన ముందునుంచి పోనిచ్చి, కాకినాడలో ఓడకెక్కించాలని ఆర్థర్ కాటన్ ఆలోచన. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మనిషి ఆయన. కాలువలు పొలాలకు నీళ్లివ్వడానికి ఎంతో, పడవలు నడపడానికీ అంతే అని ఆయన గట్టి నమ్మకం. నదిలో మాత్రం మూడు చోట్ల బండరాళ్లు పడవను పోనివ్వవు. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ప్రాణహిత మీద. ఒక్కో అడ్డు దగ్గరా ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, లాకులు పెట్టి, పడవను మెట్లెక్కించినట్టు ఎక్కించి దించాలని పథకం. దుమ్ముగూడెంలో ఆనకట్ట కట్టారు, లాకూ కట్టారు. అడవి జ్వరాలకు కూలీలూ ఇంజినీర్లూ పడిపోతున్నా పని సాగింది.

అంతలో 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. పత్తి మూటలు తూర్పుకు చూడటం మానేసి పడమరకు బండెక్కాయి. 1871లో గోదావరి నౌకాయాన పనులు ఆపేశారు. కాటన్ గెలిచిన ధవళేశ్వరం ప్రతి రైతుకూ తెలుసు, ఆయన ఓడిన దుమ్ముగూడెం ఎవరికీ పట్టదు. ఆ రాతికట్టు ఇప్పటికీ అక్కడే ఉంది. వీలైతే వేసవిలో వెళ్లి చూడండి, నీళ్లు తగ్గినప్పుడు ఆ అడ్డుబండలు ఎందుకు అంత భయపెట్టాయో అర్థమవుతుంది.

పత్తి రాలేదు గానీ కలప దిగింది. అది కాటన్ కంటే ముందూ దిగింది, తర్వాతా దిగింది. టేకు దుంగల్ని, వెదురు బొంగుల్ని తెప్పలు కట్టి, నీరు నిండుగా ఉన్న రోజుల్లో వదిలేవారు. పాపికొండల మధ్య నది ఇరుకై, లోతై, సుడులు తిరుగుతుంది. అక్కడ తెప్పను తిన్నగా పోనివ్వడమే తెప్ప నడిపేవాళ్ల పనితనం. రాజమండ్రి చేరితే కలప డిపోలు. అక్కడినుంచి ఇంకా కిందికి పోయిన కలపే గోదావరి మొగ దగ్గర ఓడలుగా మారింది. మనం కోరంగి కథలోకి అడుగుపెట్టేది ఆ కలప మీదనే.

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠగా చీలుతుంది. గౌతమినుంచి యానాం దగ్గర విడిపోయే ఒక పాయ ఒడ్డున ఉంది కోరంగి. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ చుట్టుపక్కల నేలంతా పరదేశీ కొట్లే. యానాంలో ఫ్రెంచివాళ్లు, ఇంజరంలో, నీలపల్లిలో ఇంగ్లీషువాళ్లు, ఇప్పటి కాకినాడలో భాగమైన జగన్నాథపురంలో డచ్చివాళ్లు. వీళ్లందరూ ఒక్క చోట మూగడానికి ఉప్పాడ, ద్రాక్షారామం ప్రాంతాల నేతబట్ట ఒక కారణం. రెండో కారణం కోరంగి బురద.

బురదే. నవ్వకండి. సముద్రంలో తిరిగే కొయ్య ఓడకు అడుగున నాచు, గుల్లలు పడతాయి, పురుగు తొలుస్తుంది. ఏడాదికో రెండేళ్లకో దాన్ని ఆరబెట్టి బాగుచెయ్యాలి. ఇసుక తీరమైన కోరమాండల్‌లో, మద్రాసుతో సహా, ఆ పనికి చోటు లేదు. కోరంగిలో పోటు వచ్చినప్పుడు ఓడను గట్టు తవ్విన గుంటలోకి తేలుస్తారు. పాటు తియ్యగానే గుంట మూతిని మట్టీ మండలతో కట్టేస్తారు. మిగిలిన నీళ్లు తోడేస్తే ఓడ మెత్తటి బురదలో పక్కలకు ఒరక్కుండా కూర్చుంటుంది. వడ్రంగులు దిగి పాత పలకలు తీసి కొత్తవి వేస్తారు, సందుల్లో పీచు కూరి తారు పూస్తారు. పని అయ్యాక మళ్లీ పోటు చూసుకుని మూతి తెగ్గొడితే ఓడ తనంతట తనే తేలుతుంది. కలకత్తాకూ సింహళంలోని ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడలను ఇలా ఆరబెట్టడానికి వీలున్న చోటు కోరంగి ఒక్కటేనని ఆనాటి ప్రభుత్వ గెజిటీర్లు రాసుకున్నాయి. మరమ్మతులతో మొదలైన చేతులు కొత్త ఓడలు కట్టడం దాకా వెళ్లాయి. పక్కనే ఉన్న తాళ్లరేవులో కొయ్య ఓడలు కట్టే పని కోరంగి రేవు పోయాక కూడా ఎంతో కాలం సాగింది. ఆస్ట్రేలియాకు ఈశాన్యాన పగడపు సముద్రంలో కోరింగా దీవులని ఉన్నాయి. 1845లో అక్కడ పగిలిపోయిన కోరింగా ప్యాకెట్ అనే ఓడ పేరే వాటికి పెట్టారు. పడవల ఊరి పేరు అంత దూరం పోయింది.

బర్మాకు ఇంకా గట్టిగా పోయింది. ఉత్తర కోస్తా జనం రంగం పోవడం అనేవారు. కోరంగి నుంచి, తర్వాత కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడెక్కి రంగూన్ రేవులో మూటలు మొయ్యడానికి, రైసు మిల్లుల్లో పనికి వెళ్లినవాళ్లు వేలూ లక్షలు. ఎక్కిన రేవు ఏదైనా బర్మావాళ్లకు వాళ్లు కోరంగీలే. ఆ పిలుపులో గౌరవం లేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ల చోట బర్మా కూలీలను దించారు. సమ్మె ముగిసి మళ్లీ తెలుగువాళ్లను పనిలోకి తీసుకున్న రోజున ఘర్షణ మొదలై ఊరంతా పాకింది, కోరంగీల ప్రాణాలు పోయాయి. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు మిగిలినవాళ్లలో ఎందరో కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగొచ్చారు. దారిలోనే ఆగిపోయినవాళ్లూ ఎందరో.

ఇంతకీ కోరంగి ఏమైంది? జనం నోట ఉన్న జవాబు తుపాను. పద్దెనిమిదో శతాబ్దం ఎనభైల చివర్లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన ఊరిని ఊడ్చేసింది. 1839 ఉప్పెనలో మూడు లక్షల మంది పోయారని ఒక అంకె పుస్తకాల్లో తిరుగుతూ ఉంటుంది. ఆ లంకల్లో, ఆ రోజుల్లో అంతమంది జనం ఉండటానికే చోటు చాలదు కాబట్టి నేనా అంకెను పక్కన పెడతాను. చచ్చినవాళ్లు తక్కువని కాదు, తుపాను ఒక్కటే రేవును చంపదని నా ఉద్దేశం. 1864లో బందరును ముంచిన ఉప్పెన ముప్పై వేలమందిని మింగింది, అయినా బందరు రేవు చచ్చింది ఆ ఒక్క రాత్రితో కాదు. నీళ్లు తీసేశాక ఊళ్లు మళ్లీ లేస్తాయి. కోరంగిని లేవనివ్వనిది మేట. ఏటి మూతిలో ఇసుక తిన్నె ఏటికేడు ఎత్తు పెరిగింది, పెద్ద ఓడ లోపలికి రాలేకపోయింది. దానికి తోడు ధవళేశ్వరం ఆనకట్ట నుంచి తవ్విన కాలువ పడవల్ని తిన్నగా కాకినాడకు తీసుకెళ్లింది. సరుకు కాకినాడకు పోయాక ఓడ కోరంగికి ఎందుకొస్తుంది?

ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఉంది. కోరంగిని పూడ్చిన ఒండ్రే కాకినాడకు గొడుగు పట్టింది. గోదావరి సముద్రంలో వదిలిన ఇసుకను మన తీరంలో నైరుతి గాలుల కాలపు అలలు ఉత్తరానికి తోస్తాయి. ఆ ఇసుక గౌతమి మొగ దగ్గర్నుంచి ఉత్తరంగా సన్నటి నాలుకలాగా సాగింది. అదే హోప్ ఐలాండ్. దాదాపు పదహారు కిలోమీటర్ల పొడవు, వయసు రెండు వందల ఏళ్ల ప్రాంతం. భూగోళం లెక్కలో నిన్నటి పిల్ల. దాని వెనకాల కాకినాడ అఖాతం తుపాను అలల దెబ్బ తగలకుండా ప్రశాంతంగా ఉంటుంది. కోట్లు పోసి కట్టాల్సిన అడ్డుగోడను నది ఊరికే కట్టిపెట్టింది. అయితే లోతు లేదు. అందుకని ఓడలు మైళ్ల దూరంలో లంగరు వేసేవి, సరుకు చిన్న బార్జీల మీద వెళ్లేది. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైరు మిల్లులకు పత్తి కరువై ప్రపంచమంతా పత్తి కోసం వెతుకుతున్న రోజుల్లో కాకినాడ ఒక్కసారిగా ఎదిగింది. 1866లో మునిసిపాలిటీ వచ్చింది. ఇవాళ లోతు నీటి రేవు ఉంది, పాత లంగరు రేవూ ఉంది, ఆఫ్రికాకు బియ్యం పోయేది ఎక్కువగా అక్కడినుంచే.

ఇక జపాన్. మన తీరానికీ జపాన్‌కూ చుట్టరికం పాతదే. బందరులో కొట్టు పెట్టిన డచ్చి కంపెనీకే నాగసాకి రేవులో దెజిమా అనే చిన్న దీవి మీద ఉండే అనుమతి ఉండేది. మన తీరపు అద్దకం బట్టలు ఆ దారిన జపాన్ చేరి, అక్కడి టీ సంప్రదాయాల్లో విలువైన గుడ్డలయ్యాయి. 1942 ఏప్రిల్ 6న మాత్రం జపాన్ వచ్చింది విమానాల్లో. విశాఖ మీద, కాకినాడ మీద ఒకే రోజు బాంబులు పడ్డాయి. ఈ రెండూ చెప్పుకోదగ్గవే గానీ ఇవాళ్టి మన కథకు దగ్గరగా వచ్చే జపాన్ పట్నం నాగసాకి కాదు. అది కొండల మధ్య లోతైన సముద్రపు చీలిక, దానికి ఒండ్రు బాధ లేదు. మనకు కావలసింది నీగాతా.

జపాన్ పెద్ద దీవి పడమటి తీరాన, షినానో నది సముద్రంలో కలిసే చోట ఉంది నీగాతా. షినానో ఆ దేశంలో అన్నిటికన్నా పొడవైన నది, 367 కిలోమీటర్లు. మన గోదావరి 1,465. అంటే నాలుగో వంతు. మంచు కరిగినప్పుడు, వానలు పడినప్పుడు కొండల మట్టంతా మోసుకొచ్చి మొగ దగ్గర పోస్తుంది. చుట్టూ వరి మాగాణి, బియ్యం ఓడలు ఎక్కే రేవు. వరి, ఒండ్రు, పూడిపోయే మూతి, కోనసీమవాడు వెళ్తే కొత్తగా ఏమీ ఉండదు.

మొదట్లో అగానో అనే ఇంకో నది కూడా అక్కడికే వచ్చి కలిసేది. ఆ రెండు నదుల నీటి ఒరవడి వల్ల మూతి తెరుచుకుని ఉండేది. 1730లో పక్క సంస్థానం వాళ్లు ముంపు పొలాల నీళ్లు తియ్యడానికి అగానో నుంచి నేరుగా సముద్రానికి ఒక కాలువ తవ్వారు. మరుసటి ఏడాది వరదకు ఆ కాలువ గట్లు తెగి అగానో మొత్తం అటే పోయింది. నీగాతా రేవు లోతు పడిపోయింది. ఎగువన పొలాలు ఆరడానికి చేసిన పని దిగువన రేవును దెబ్బకొట్టింది. 1858లో అమెరికా, ఐరోపా దేశాలు జపాన్ చేత ఒప్పందాలు రాయించుకుని ఐదు రేవులు తెరిపించినప్పుడు వాటిలో నీగాతా ఒకటి. 1869 జనవరి 1న తెరిచారు. తెరిచారే గానీ ఆవిరి ఓడలు లోపలికి వస్తే కదా! యోకొహామా, కోబే మహానగరాలయ్యాయి, నీగాతా ఇసుక తిన్నె బయట లంగరు వేసిన ఓడల్ని చూస్తూ ఉండిపోయింది.

1896లో షినానో గట్టు తెగి మైదానమంతా నీళ్లలో ఉండిపోయింది. దాంతో పెద్ద పనికి పూనుకున్నారు. పట్నానికి బాగా ఎగువన ఓకోజు అనే చోట నుంచి సముద్రానికి దాదాపు పది కిలోమీటర్ల వరద కాలువ తవ్వి, 1922లో నీళ్లు వదిలారు. వరద బాధ తగ్గింది, రేవు కాస్త ఊపిరి పీల్చుకుంది, నది చిక్కిపోయింది. ఎంత చిక్కిందంటే, నీగాతాలో షినానో మీద 1886లో కట్టిన కొయ్య వంతెన పొడవు 782 మీటర్లు. అదే బందాయ్ వంతెనను 1929లో కాంక్రీటుతో కొత్తగా కట్టినప్పుడు 307 మీటర్లు సరిపోయింది. మిగిలిన నది నేలయింది, ఆ నేలమీద ఇళ్లు లేచాయి.

బాకీ రెండు విధాలుగా తీరింది. మట్టి కాలువ వెంట పోవడంతో నీగాతా తీరానికి ఇసుక రావడం తగ్గి, సముద్రం ఒడ్డును వందల మీటర్లు తినేసింది. 1964 జూన్ 16న భూకంపం వచ్చినప్పుడు పాత నదీగర్భపు ఇసుక నేల నీళ్లలాగా మారి, నాలుగంతస్తుల ఇళ్లు విరగకుండానే పక్కకు ఒరిగి పడుకున్నాయి. ఇంజినీరింగు చదివినవాళ్లు ఆ ఫొటో చూసే ఉంటారు. నెల కిందట పూర్తయిన కొత్త షోవా వంతెన కూలింది. 1929 నాటి బందాయ్ నిలబడింది.

ఇంత దూరం ఎందుకు తీసుకెళ్లానో మీకు అర్థమయ్యే ఉంటుంది. నీగాతాలో ఓకోజు తర్వాత జరిగినదే ఇప్పుడు గోదావరి మొగ దగ్గర జరుగుతోంది. 1970లలో గోదావరి ఏటా సముద్రానికి మోసుకుపోయిన ఒండ్రు సుమారు 15 కోట్ల టన్నులు. 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు వచ్చింది. ఎగువన కట్టిన ఆనకట్టల వెనకాల మిగతాది కూర్చుంటోంది. అవి తప్పని నేననను. ఆ నీళ్లతో ఎన్ని పొలాలు బతికాయో తెలిసినవాణ్ని. కానీ డెల్టా అంచు కరుగుతోంది. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడలో బీచి రోడ్డు ఎన్నిసార్లు తెగిందో, ఇళ్లు ఎన్ని వరసలు పోయాయో అక్కడి మత్స్యకారులను అడగండి. ఉప్పాడ దెబ్బకు హోప్ ఐలాండ్ కూడా ఒక కారణం. ఉత్తరానికి పోయే ఇసుకను అది తన దగ్గరే పట్టుకుంటుంది. కాకినాడకు గొడుగైనది పక్క ఊరికి నీడ కరువు చేసింది. ఆ ఇసుక నాలుకకు మేత ఎగువ నుంచి రావడం తగ్గితే కాకినాడ అఖాతం సంగతేమిటన్నది ఓడల వాళ్లూ, కోరంగి మడ అడవుల వాళ్లూ అప్పుడప్పుడూ అనుకునే ప్రశ్న. ఆ మడ అడవులను 1978లో అభయారణ్యం చేశారు. ఒకప్పుడు ఓడలు తిరిగిన పాయల్లో ఇవాళ పర్యాటకుల పడవలు తిరుగుతున్నాయి.

మన దగ్గర కూడా కథ అయిపోలేదు. కింద పోలవరం వస్తోంది. దాని నీరు వెనక్కి ఎంత తంతుందన్నది ఈ సభలో అందరికీ ఉన్న భయమే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు చూసిన ఊళ్లు మనవి, 2022 జూలైలో మళ్లీ 71 దాటింది. నీరు నిలిచిన చోట మట్టి కూడా నిలుస్తుంది, ఏటి అడుగు పైకి లేస్తుంది. నీటి భయం గురించి మాట్లాడినంతగా ఈ మేట గురించి మనం మాట్లాడుకోవడం లేదు. మరోవైపు మన రేవుల్లో నుంచి ఇసుక లారీలు రాత్రీ పగలూ పోతూనే ఉన్నాయి. ఒకచోట మట్టి పేరుకోవడం, ఇంకోచోట తవ్వుకుపోవడం, మొగ దగ్గర చాలకపోవడం, ఈ మూడూ ఒకే పద్దులో లెక్కలు. వాటిని మూడు శాఖలు మూడు ఫైళ్లలో పెట్టుకుంటున్నాయి.

వానాకాలంలో టీవీ పెడితే గంటగంటకూ చెబుతారు, భద్రాచలం 43 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక, 48, రెండోది, 53, మూడోది. ఎన్ని లక్షల క్యూసెక్కులు పోతున్నాయో కూడా చెబుతారు. ఆ నీళ్లతో ఎంత మట్టి పోయిందో కూడా ఆ పక్కనే ఒక అంకెగా వెయ్యమని మనం ఎందుకు అడగకూడదు? నదిని కొలిచేవాళ్ల దగ్గర నీళ్లలోని ఒండ్రును లెక్కగట్టే పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆ అంకె ఉప్పాడ మత్స్యకారుడికీ, కాకినాడ రేవు అధికారికీ, బూర్గంపాడు రైతుకూ ఒకేసారి పనికొస్తుంది. ఈ సభ తరఫున కలెక్టరు గారికి ఇచ్చే అర్జీలో ఆ ఒక్క కోరిక రాయిద్దాం. ముసాయిదా నేను తెచ్చాను, సంతకాల కాగితం ద్వారం దగ్గర బల్లమీద ఉంది.